విప్పకుండా తిరిగొచ్చిన కట్టలు

జూన్ 4
హాస్టల్, మేడమీది గది

అత్తా,

కుశల ప్రశ్నలు చివర్లో. ముందు నా కోపం విను, లేకపోతే నాకు అన్నం అరగదు.

నేను రాస్తున్న పరిశోధన వ్యాసం సంగతి నీకు తెలుసు. ఆసుపత్రి బట్టలు ఉతికేవాళ్ల చేతులకు వచ్చే చర్మరోగాల గురించి. ఆ విషయమే ఎందుకని మా గైడు గారు అడిగిన రోజున నాన్న చేతులు తెచ్చి చూపించలేను కదా, "ఆసక్తి ఉంది సార్" అని ఊరుకున్నాను. మొన్న ఆయన నా కాగితాలు తిరగేసి, "నలభై ఏళ్ల కిందట లాండ్రీ పనివాళ్ల మీద రెండు సంపుటాల నివేదిక వచ్చింది. అది చూడకుండా రాసేది వ్యాసం కాదు, కబుర్లు. నేను దాన్ని ఆమూలాగ్రం చదివాను. నువ్వు కూడా చదివి అందులోంచి ఒక అధ్యాయం రాయి. అది లేనిదే నేను సంతకం పెట్టను" అన్నారు. జూలై ముప్పై ఒకటి లోపు ఆయన సంతకంతో వ్యాసం అందకపోతే నాకు డిగ్రీ రాదు. అంతే సంగతి.

మా కాలేజీ లైబ్రరీలో ఆ నివేదిక లేదు. కౌంటరు గుమాస్తా పెద్ద పుస్తకం తిరగేసి చెప్పాడు, ఉన్నది ఒక్కచోటే అని. ఎక్కడో తెలుసా? మీ లైబ్రరీలో! నువ్వు పనిచేసే చోట! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "తెప్పించండి" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఒక అచ్చు కాగితం ముందు పెట్టాడు. సంపుటానికి ఇంత రుసుము, రెండు సంపుటాలకు రెండింతలు, రానూ పోనూ తపాలా ఖర్చు వేరే. మొత్తం కలిపితే నా రెండు వారాల మెస్ బిల్లు. ఇంత కట్టాక పుస్తకం గదికి తీసుకుపోవచ్చా అంటే, లేదు, కౌంటరు ఎదురుగా కూర్చుని చదవాలి.

"ఇంత ఎందుకండీ?" అన్నాను.

"రూలమ్మా."

"రూలు ఎందుకు పెట్టారని అడుగుతున్నాను."

"రూలు పెట్టినవాళ్లని అడుగు. నాకు భోజనం టైమైంది."

అత్తా, ఒక పుస్తకాన్ని పెట్టెలో పెట్టి పంపడమేగా! అరలో దుమ్ము తింటున్నదాన్ని ఒక మనిషి చదువుతానంటే సంతోషించాలి గానీ సుంకం వేస్తారా? ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేని పిల్ల ఇంతదాకా వస్తే, ఆఖరి గుమ్మం దగ్గర టికెట్ అడుగుతున్నారు. నువ్వు పదకొండేళ్లుగా అక్కడ పుస్తకాలు కడుతున్నావు. నువ్వే చెప్పు, ఈ ఫీజు ఎందుకు?

నాన్న చేతులు మళ్లీ పగిలాయట. చొక్కా గుండీలు అమ్మే పెడుతోందట. నేను బాగున్నాను. నువ్వు ఎలా ఉన్నావు?

కోపంగా ఉన్న
నీ మేనకోడలు


జూన్ 11

కోడలుపిల్లా, ఓ పంతులమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ గొలుసుకట్టు రాత అర్థం కాక. రెండోసారి అర్థమై. మూడోసారి ఒళ్లు మండి. నేను అక్షరాలు నేర్చుకుంది బళ్లో కాదే, పార్సిళ్ల మీద చిరునామాలు చూసి. చిరునామాలు ఎవరూ గొలుసుకట్టుగా రాయరు. ఇకమీదట విడివిడిగా రాయి.

"పెట్టెలో పెట్టి పంపడమేగా" అని రాశావు. ఆ "మేగా" ఉందే, అది నాకు ముల్లులా గుచ్చుకుంది. పంపడమేగా అంటే ఏంటో చెప్తాను, చదువుకున్నదానివి నేర్చుకో.

పుస్తకం కావాలని చీటీ వస్తుంది. కింద నేలమాళిగలో ఇద్దరు దాన్ని పట్టుకుని అరలన్నీ గాలిస్తారు. ఒక్కోసారి పూట పడుతుంది. పుస్తకం నా బల్ల మీదికొస్తే వీపు ఊడిందా, అట్ట చిరిగిందా చూసి రాసుకోవాలి. మైనం కాగితం చుట్టాలి, పైన అట్ట, అట్ట మీద దారం. నిలువు రెండు, అడ్డం రెండు, నడుమ నా ముడి. ఆ ముడి మీ నాయనమ్మ గడ్డిమోపులకి వేసేది. దాన్ని విప్పొచ్చు గానీ విప్పినవాళ్లెవరూ మళ్లీ అలాగే వెయ్యలేరు. ఆ కట్టని పెట్టెలో పెడతాను. నీ కాలేజీ గుమాస్తా పెట్టె తెరుస్తాడు గానీ లోపలి కట్ట ముట్టకూడదు. అది చదివే మనిషే విప్పాలని రూలు. చదివాక మళ్లీ ఇంత దూరం రావాలి. దారిలో వాన, ఎలకలు, విసిరేసే చేతులు. ఇదంతా ఊరికే అవుతుందా?

ఇంతా చేసి నేను ఆఫీసుకి చిల్లిగవ్వ ఖర్చు పెట్టించను, అది కూడా తెలుసుకో. పెట్టెలు మందుల షాపువాడు పారేసేవి. దారం తిరిగొచ్చిన కట్టలవే, విప్పి ఉండ చుట్టుకుంటాను. జిగురు ఇంట్లో పిండి ఉడికించి తెస్తాను. ఈ పదకొండేళ్లలో ఒక్క దారపుండ కావాలని చీటీ రాయలేదు. మా సూపరింటెండెంటు "నీలాంటిది ఇంకొకత్తె ఉంటే ఈ భవనానికి సున్నం వేయించేవాణ్ణి" అంటాడు.

ఇక ఫీజు ఎందుకంటావా? ఊరికే వస్తే మనిషికి లెక్క ఉండదు. కట్టని విప్పకుండా అలాగే తిప్పి పంపే మహానుభావులున్నారు తెలుసా? ముడి చూడగానే తెలిసిపోతుంది నాకు, అది నేను వేసిందే అని. వాళ్ల చీటీలు వేరే మేకుకి గుచ్చుతాను, ఆ పుస్తకాలు మళ్లీ తనిఖీ చెయ్యక్కర్లేదు, తిన్నగా అరలోకే కాబట్టి. ఆ మేకు నిండిపోతోంది. ఫీజు ఉంటేనే ఇలా ఉంది, తీసేస్తే ఇక చూడు.

ఆ డబ్బు నేను కడతాను. నోరు మూసుకుని పుస్తకం తెప్పించుకుని ఆ సంతకం సంపాదించు.

మీ నాన్నకి కొబ్బరినూనె రాసుకోమను. చెప్తే వింటాడా, మా తమ్ముడు కదా.

నీ అత్త


జూన్ 19

అత్తా,

విడివిడిగా రాస్తున్నాను, చూడు.

నీ డబ్బు నాకు వద్దు. అన్యాయాన్ని నువ్వు కట్టినా నేను కట్టినా అది అన్యాయమే. నీ ఉత్తరం చదివి నాకు ఏడుపు వచ్చింది. నువ్వు నీ పొయ్యి మీద పిండి ఉడికిస్తావు, మందుల షాపు ముందు నిలబడి పెట్టెలు అడుక్కుంటావు, వాళ్లేమో నీ చేతికి చిల్లిగవ్వ ఇవ్వకుండా నా దగ్గర రుసుము లాగుతారు. పైపెచ్చు నువ్వు వాళ్ల తరఫున మాట్లాడుతున్నావు!

అందుకే నేను ఊరుకోలేదు. పత్రికకు ఉత్తరం రాశాను. ఆదివారం అచ్చయింది. ముక్క కత్తిరించి ఇందులో పెడుతున్నాను. "చదువు మీద సుంకమా?" అని శీర్షిక వాళ్లే పెట్టారు. నాకు బాగా నచ్చిన భాగం ఇది:

"ఆ గ్రంథాలయంలో పుస్తకాలు కట్టేది మా మేనత్తే. ఆమె మాటల్లోనే చెబుతాను. పెట్టెలు మందుల షాపు పారేసినవి. దారం పాతది. జిగురు ఆమె ఇంట్లో ఉడికించినది. పదకొండేళ్లలో ఆఫీసుకు చిల్లిగవ్వ ఖర్చు లేదు. మరి మేము కట్టే రుసుము ఏ పెట్టెకు, ఏ దారానికి, ఏ జిగురుకు?"

మా హాస్టల్లో అందరూ చదివారు. వంటావిడ కూడా ఎవరితోనో చదివించుకుని నాకు రెండో గరిటె కూర వేసింది. నీ గురించి పత్రికలో రావడం ఇదే మొదటిసారి కదా! సంతోషించావా? గైడు గారు మాత్రం "ఆవేశం తగ్గించుకుని నివేదిక సంగతి చూడు" అన్నారు. ఈ దెబ్బకు ఫీజు ఎత్తేస్తారు, నివేదిక దానంతట అదే నడిచి వస్తుంది.

గర్వంగా
నీ మేనకోడలు


జూన్ 27

పంతులమ్మకి,

సంతోషించాను. బ్రహ్మాండంగా సంతోషించాను.

సోమవారం పొద్దున్నే సూపరింటెండెంటు పిలిచాడు. బల్ల మీద నీ పేపరు ముక్క, ఎర్ర సిరాతో గీతలు. "ఇంటి గుట్టు రచ్చకెక్కించావు" అన్నాడు. నేను ఎవరికీ ఏం చెప్పలేదన్నాను. "మీ మేనకోడలికి కలొచ్చిందా?" అన్నాడు. ఆ తర్వాత మాట విను. "కట్టడానికి ఖర్చే లేదని నువ్వే అంటున్నావు కదా, అయితే కట్టడానికి ఒక మనిషెందుకు? కాంట్రాక్టుకి ఇచ్చేద్దామని కమిటీ అనుకుంటోంది."

చూశావా? నేను ఆదా చేశానని గొప్ప చెప్పుకుంటే నువ్వు దాన్ని తీసుకెళ్లి నా మెడకి ఉరితాడు పేనావు.

జూలై పదహారున కమిటీ. అప్పటిదాకా ఒక్క పుస్తకం కూడా బయటికి పంపొద్దని ఆర్డరు. అర్థమైందా? నీ నివేదిక కూడా. నీ ఉత్తరంతో నీ పుస్తకానికి నువ్వే తాళం వేసుకున్నావు.

ఇక నాకు రాయకు.


జూలై 1

అత్తా,

నీ ఉత్తరం కింద "నీ అత్త" అని లేదు. ఆ ఖాళీ వైపే ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నాను.

రాయకు అన్నావు గానీ రాయక తప్పదు, ఎందుకంటే తప్పు దిద్దాను. మీ సూపరింటెండెంటు గారికి నిన్ననే రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను. పెట్టెల గురించి, దారం గురించి, జిగురు గురించి మా అత్త నాకు ఏమీ చెప్పలేదు, అదంతా నేనే కల్పించి రాశాను, ఆమెకు ఏ పాపం తెలియదు, క్షమించండి అని. ఇక నిన్ను ఎవరూ ఏమీ అనలేరు. నా పేరు చెడితే చెడనీ. నా నివేదిక రాకపోతే పోనీ.

అయినా అత్తా, ఆ ఆర్డరు చూడు! ఫీజు ఎందుకని అడిగితే జవాబు చెప్పాలి గానీ, పుస్తకాలు ఆపేస్తారా? ప్రశ్నకు తాళంకప్ప జవాబా? క్షమాపణ రాస్తున్నప్పుడు కూడా నా కోపం తగ్గలేదు.

నాన్నకు ఈ సంగతి చెప్పలేదు.

నీ మేనకోడలు (నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా)


జూలై 8

కోడలుపిల్లా,

నీ పేపరు ముక్కకి వచ్చిన కోపం నీ క్షమాపణకి వచ్చిన కోపం ముందు ఏపాటి! కల్పించావా? నేను పిండి ఉడికించింది కల్పనా? పదకొండేళ్లు దారం విప్పి విప్పి నా గోళ్లు అరిగింది కల్పనా? సూపరింటెండెంటు నీ ఉత్తరం నా ముందు పెట్టి, "మీ అమ్మాయే ఒప్పుకుంది. ఇదంతా అబద్ధమని నువ్వు కూడా ఒక సంతకం పెట్టు, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నేను పెట్టలేదు. నా ఉద్యోగం నిలబెట్టడానికి నా పనినే లేదనిపించావు కదే. చదువుకున్నవాళ్ల తెలివి ఇలాగే ఏడుస్తుంది.

పెట్టనని చెప్పి, పోయేదెలాగూ పోతుంది కదా అని అడిగేశాను. "అయ్యా, నిజంగా చెప్పండి. నా దారానికి కాదు, నా జిగురుకి కాదు. తపాలా వేరేగా కట్టించుకుంటున్నారు. మరి ఈ ఫీజు దేనికి?"

ఆయన మంచోడే పాపం, అబద్ధం నోటికి రాదు. "అందరూ అడక్కుండా ఉండటానికమ్మా. ఫీజు లేకపోతే ప్రతివాడూ చీటీ రాస్తాడు. అవసరం లేనివాళ్లని ఆపడానికి" అన్నాడు.

నేను కూడా నీకు అదే కదా రాశాను. సబబే అనుకుంటూ నా గదికొచ్చాను. పుస్తకాలు పంపడం లేదు, చేతినిండా ఖాళీ. విప్పని కట్టల మేకు దించి చీటీలు సర్దుతున్నాను. చీటీల్లో రెండు రంగులున్నాయి. తెల్లది ఫీజు కట్టినవాళ్లది, నీలాంటి వాళ్లది. పచ్చది ఫీజు మాఫీ అయినవాళ్లది. ప్రొఫెసర్లు, ఆఫీసర్లు, కమిటీ మెంబర్లు. రంగు గోల పైఆఫీసుది, మనకెందుకని నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

ఆ మేకున మొత్తం అరవై నాలుగు చీటీలు. పచ్చవి అరవై ఒకటి. తెల్లవి మూడు. ఆ మూడింట్లో ఒకాయన పోయాడు, ఒకామె పురిటికెళ్లింది, ఒకటి చిరునామా దొరక్క తిరిగొచ్చింది.

అవసరం లేనివాళ్లని ఆపడానికి ఫీజు అంట. అవసరం లేనివాళ్లెవరూ ఆ ఫీజు కట్టట్లేదు. కట్టేవాళ్లందరూ విప్పారు, చదివారు. అట్టల మీద వాళ్ల వేలిముద్రలు, లోపల మరిచిపోయిన బస్సు టికెట్లు నేను చూస్తూనే ఉన్నాను. పదకొండేళ్లు ఆ మేకు ఎదురుగా కూర్చుని ఎవర్ని తిట్టుకున్నానే నేను! మీ లాంటి పిల్లల్నే.

ఇంకో సంగతి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ పచ్చ చీటీల్లో ఒకటి నీ నివేదికది. రెండు సంపుటాలూ. పోయిన ఏడు మీ కాలేజీకి వెళ్లి, మూడు వారాలుండి, నా ముడి నాకే తిరిగొచ్చింది. తెప్పించుకున్నది ఆమూలాగ్రం చదివిన మీ గైడు గారే. పేరు కూడబలుక్కుని నాలుగుసార్లు చదివాను, పొరపాటు పడకూడదని.

పదహారున కమిటీలో ఈ చీటీలు పెడదామనుకుంటున్నాను. మాట్లాడటం నాకొచ్చు. కాగితం మీద పెట్టడం రాదు. నువ్వు రాసి పంపు. నా మాటల్ని అందంగా దిద్దకు, అబద్ధం ఒక్కటి కలపకు. మీ గైడు చీటీ మాత్రం నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను. సంతకం నీది, ఏడాది నీది. నేను ఏమీ అనుకోను.

అత్త


జూలై 11

అత్తా,

నువ్వు చెప్పినట్టే రాసిన కాగితం దీనితో ఉంది. ఒక్క మాట కూడా దిద్దలేదు.

ఆయన చీటీ తీసెయ్.

ఇంతకన్నా రాయలేను.


జూలై 17

కోడలుపిల్లా,

తీసేశాను. చీటీ నా దగ్గరే ఉంది. దాని గురించి నువ్వు కుమిలిపోవద్దు. ఇరవై రెండేళ్ల పిల్లవి, మీ నాన్న చేతుల భారం నీ మీదుంది. ఇక కమిటీ కథ విను, కడుపు మండినా నవ్వుకుందాం.

పొడుగాటి బల్ల, తొమ్మిది మంది, తొమ్మిది టీ కప్పులు. నేను నిలబడే ఉన్నాను. నువ్వు రాసిన కాగితం చదివాను. రెండుచోట్ల తడబడ్డాను, ఎవరో నవ్వారు, మళ్లీ మొదటినుంచి చదివాను. చదివి చీటీలు బల్ల మీద పరిచాను.

అధ్యక్షుడు, "ఇవేంటమ్మా?" అన్నాడు.

"విప్పకుండా తిరిగొచ్చిన కట్టలవండీ. రంగులు చూడండి."

చీటీలు చేతులు మారాయి. మూలనున్న ఒక బట్టతలాయన ఒక చీటీ చూసి, అటూ ఇటూ చూసి, మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"అది ఆఫీసు కాగితమండీ, మళ్లీ బల్ల మీద పెట్టండి" అన్నాను.

"నా చేతిరుమాలమ్మా" అన్నాడు.

"పచ్చ రుమాలు బాగుందండీ, మీ పేరు కూడా రాసి ఉంది" అన్నాను. సూపరింటెండెంటు దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం తేల్చారో చెప్తాను, కూర్చుని చదువు.

ఫీజు అలాగే ఉంటుంది. మాఫీ అలాగే ఉంటుంది. కానీ ఇకమీదట దారం వాడకూడదు, ముడి వెయ్యకూడదు. అంతా టేపు. ఎవరైనా విప్పి మళ్లీ టేపు వేస్తే విప్పారో లేదో ఎవరికీ తెలీదు. చీటీలు మేకుకి గుచ్చకూడదు, నెలాఖరుకి చింపెయ్యాలి. "ఆధునికీకరణ" అని దానికి పేరు పెట్టారు. ఈ మాట రాయడానికి నాకు పావుగంట పట్టింది. దొంగ దొరికితే దీపం ఆర్పడం ఆధునికీకరణట!

నా ఉద్యోగం పోలేదు. కాంట్రాక్టరు చెప్పిన రేటు విని తొమ్మిది మందికీ నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పుస్తకాలు పంపొచ్చన్నారు. నీ రెండు సంపుటాలు రేపు బయల్దేరుతాయి. ఫీజు నేను కట్టాను. ఈసారి వద్దనడానికి నీకు నోరు లేదు. టేపు ఇంకా రాలేదు కాబట్టి దారంతోనే కట్టాను. నువ్వే విప్పు.

అత్త


జూలై 30
కాలేజీ, గైడు గారి గది ముందున్న బెంచీ

అత్తా,

ఈ ఉత్తరం నా ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. లోపల గైడు గారు నా వ్యాసం చదువుతున్నారు.

ముందు పుస్తకం సంగతి చెప్పాలి. కట్ట విప్పాను. మొదటి సంపుటం మామూలుగానే తెరుచుకుంది. రెండోది తెరుచుకోలేదు. పేజీల అంచులు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. అచ్చువేసి మడిచినవాళ్లు వాటిని కోయనే లేదు. అంటే అత్తా, నలభై ఏళ్లుగా ఆ పుస్తకాన్ని మా గైడు గారే కాదు, భూమ్మీద ఎవ్వరూ చదవలేదు. నేను స్టీలు స్కేలు తీసుకుని ఒక్కొక్క పేజీ కోస్తుంటే కౌంటరు గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. "లైబ్రరీ పుస్తకం చింపేస్తున్నావా?" అని అరిచాడు. "చింపడం లేదండీ, చదువుతున్నాను. చదివితే ఇలా ఉంటుంది" అన్నాను. దగ్గరికి వచ్చి చూసి, నెమ్మదిగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం గది మూసే వేళ అయినా ఇంకో అరగంట తాళం వెయ్యకుండా కూర్చున్నాడు.

నూట పద్దెనిమిదో పేజీలో ఏముందో తెలుసా? బ్లీచింగ్ నీళ్లలో పనిచేసేవాళ్లకు వట్టి రబ్బరు తొడుగు ఇవ్వకూడదట. లోపల చెమట, మందు కలిసి చర్మాన్ని ఇంకా తినేస్తాయట. ముందు నూలు తొడుగు, దాని మీద రబ్బరుది, నూలుది తడిసినప్పుడల్లా మార్చాలి. ఇంతే. రెండు జతల నూలు తొడుగులు! నాన్నకు ఆసుపత్రివాళ్లు పద్నాలుగేళ్లుగా ఇస్తున్నది వట్టి రబ్బరువి. ఈ ఒక్క వాక్యం నలభై ఏళ్లుగా కోయని పేజీల మధ్య ఉంది, నేలమాళిగలో ఉంది, ఫీజు వెనకాల ఉంది. ఒకసారి మా కాలేజీ దాకా వచ్చి, మూడు వారాలు ఎవరి బల్ల మీదో కూర్చుని, విప్పేవాళ్లు లేక వెనక్కి వెళ్లిపోయింది. ఆ మూడు వారాల్లో నాన్న ఎన్నిసార్లు ఆ నీళ్లలో చేతులు పెట్టి ఉంటాడు? నాకు లెక్క కట్టాలని లేదు. అరవాలని ఉంది. అరిస్తే లైబ్రరీలో ఊరుకోరు.

ఊరికి ఆ పేజీ నకలు రాసి పంపాను. పక్కింటివాళ్లతో చదివించుకుని అమ్మ పాత బనీన్లు కోసి తొడుగులు కుట్టిందట.

ఇప్పుడు అసలు విషయం. జూలై పదకొండున "తీసెయ్" అని రాసినదాన్ని నేనే. చదువు మీద సుంకమా అని పత్రికలో గర్జించి, నా సంతకం దగ్గరికి వచ్చేసరికి నాలుక మడిచేశాను. నువ్వు తొమ్మిది మంది ముందు నిలబడి తడబడినచోట మళ్లీ మొదటినుంచి చదివావు. నేను ఒక్క చీటీకి భయపడ్డాను. కుమిలిపోవద్దన్నావు గానీ, కుమలకపోతే నేను ఏ చదువు చదివినట్టు?

ప్రతి వ్యాసంలో "ఆధారాలు లభించిన తీరు" అని ఒక భాగం ఉండాలి. అందులో ఇలా రాశాను: "ఈ నివేదిక ప్రతి ఒక్కటే ఉంది. గత ఏడాది దీనిని నా పరిశోధన పర్యవేక్షకులు రుసుము లేకుండా మా కళాశాలకు తెప్పించి, కట్ట విప్పకుండా తిరిగి పంపారు. రెండవ సంపుటం పేజీలను ఈ వ్యాసం కోసం మొదటిసారి కోయడం జరిగింది. ఇందులోని సూచన ఇంతకాలం లాండ్రీ కార్మికులకు చేరకపోవడానికి, చదవాలనుకునేవారి మీద రుసుము, చదవనివారికి మినహాయింపు కూడా కారణాలు."

పొద్దున ఆయన ఆ పేజీ దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇది ఎవరు చెప్పారు నీకు?"

"కట్టిన మనిషి చెప్పింది సార్."

"ఇది వ్యాసానికి అవసరమా?"

"ఆధారం ఎలా దొరికిందో దాచకుండా రాయాలని మీరే చెప్పారు సార్, మొదటి తరగతిలో."

ఆ పేజీని నా వైపు తిప్పి పెట్టారు. తర్వాత, "ఈ నాలుగు వాక్యాలు తీసేసి తీసుకురా, ఇప్పుడే సంతకం పెడతాను" అన్నారు.

"తీయను సార్."

"రేపు ఆఖరు తేదీ, తెలుసా?"

"తెలుసు సార్."

"బయట కూర్చో" అన్నారు. గంట అయింది. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ నూట పద్దెనిమిదో పేజీ ఆధారంగా నేను రాసిన అధ్యాయం అయితే చదువుతున్నారు. ఇప్పటికైనా చదువుతున్నారు.

అత్తా, ఆయన పిలిచేలోపే ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యాలని తొందరపడుతున్నాను. సంతకం పెట్టాక పంపితే, ధైర్యం గెలిచాక చెప్పుకున్నట్టు ఉంటుంది. పెట్టనన్నాక పంపితే, ఓడిపోయి ఏడ్చినట్టు ఉంటుంది. ఏదీ తెలియక ముందే నేను ఆయన సంగతి రాశానని నీకు తెలియాలి. నాకు అదే కావాలి.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. డబ్బా మెట్ల కింద ఉంది. వేసి వస్తాను.

నీ మేనకోడలు